కొండ కింద రేవు

(ప్రయాణాల మీద జరిగిన ఒక సభలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినబడుతోందా? సరే, మొదలుపెడదాం.

చూడాల్సిన పది చోట్లు, తినాల్సిన పది వంటకాలు, ఇలాంటి జాబితాలు నేను చదవను. అవన్నీ మీ ఫోన్లలోనే ఉన్నాయి. ఇవాళ ఒక్క ఊరి గురించే మాట్లాడతాను. ఇంకా చెప్పాలంటే ఆ ఊరి నెత్తిన కూర్చున్న కొండ గురించి. ఊరి పేరు కోటోర్. దేశం మాంటెనెగ్రో, యూరప్‌కి ఆగ్నేయాన. ఏడ్రియాటిక్ సముద్రం మీద రేవు అని పుస్తకాల్లో ఉంటుంది గానీ, ఊళ్ళో నిలబడితే బయటి సముద్రం కనబడనే కనబడదు. సముద్రం మెలికలు తిరుగుతూ సుమారు 28 కిలోమీటర్లు లోపలికి చొచ్చుకొచ్చి, ఎదురుగా కొండ అడ్డం తగిలి ఆగిపోయిన మూల ఒకటుంది. ఆ మూలలో ఉంది కోటోర్.

ఈ ఊరికి ఇప్పుడు ఎక్కువమంది ఓడల్లో వస్తారు. పొద్దున్న దిగుతారు, సాయంత్రం ఓడ కూత వేయగానే ఎక్కేస్తారు. ఆ మధ్యలో రాళ్ళు పరిచిన సందుల్లో తిరిగి, పిల్లులకి ఫోటోలు తీసి (పిల్లులు చాలా ఉంటాయి లెండి, వాటికో మ్యూజియం కూడా పెట్టారు), కాఫీ తాగి వెళ్ళిపోతారు. కొండ మాత్రం ప్రతి ఫోటోలోనూ ఉంటుంది, నాటకంలో వెనక కట్టిన తెరలాగా. నేను చెప్పదలచుకున్నదల్లా ఒకటే. ఆ ఊళ్ళో అది తెర కాదు, అసలు వేషం దానిదే. నీళ్ళిచ్చేదీ, ఎండని ఆపేదీ, శత్రువుని ఆపిందీ, బేరగాళ్ళని దింపిందీ, అప్పుడప్పుడూ ఊరిని కుదిపి పారేసిందీ అదే.

మొదట ఆ అఖాతం సంగతి. అక్కడివాళ్ళు దాన్ని బోకా అంటారు. ఈ ఫోటో చూడండి. రెండువైపులా నిలువుగా లేచిన సున్నపురాయి కొండలు, మధ్యలో నల్లటి నీళ్ళు. చూడగానే నార్వే గుర్తొస్తుంది. యాత్రల కరపత్రాల్లో కూడా దీన్ని ఫియోర్డ్ అనే రాస్తుంటారు. కాదండీ. హిమానీనదం తొలిచిన లోయలోకి సముద్రం వస్తే ఫియోర్డ్. ఇది నదీలోయ. గత మంచుయుగం పతాకస్థాయిలో, అంటే ఓ ఇరవై వేల ఏళ్ళ క్రితం, సముద్రమట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కిందికి ఉండేది. ఆ మంచు కరిగి సముద్రం పైకొచ్చేసరికి లోయ మునిగింది, కొండలు మిగిలాయి. అందుకే ఇక్కడ తీరానికి ఇసుక మేటలుండవు. కొండ పాదం నీళ్ళలోనే ఉంటుంది. ఊరు కట్టుకోవడానికి దొరికే చదును బహు తక్కువ.

దారిలో వెరిగె అనే ఇరుకు ఒకటి వస్తుంది. వెడల్పు సుమారు 340 మీటర్లే. పెద్ద ఓడలు అందులోంచి దూరి రావలసిందే. డెక్కు మీద నిలబడ్డవాళ్ళు ఒడ్డునున్న ఇళ్ళ బాల్కనీల్లో ఆరేసిన బట్టలు చూస్తుంటారు. కారులో వచ్చేవాళ్ళకైతే ఆ ఇరుకుకి కాస్త బయటగా కామెనారి నుంచి లెపెటానెకి ఫెర్రీ ఉంది, కొన్ని నిమిషాల్లో దాటిస్తుంది. తొందర లేకపోతే మాత్రం ఫెర్రీ ఎక్కకండి. అఖాతం చుట్టూ నీళ్ళ అంచునే తిరిగొచ్చే పాత రోడ్డు పట్టుకోండి. కొండ ఎంత దగ్గరగా ఉందో ఆ రోడ్డు మీదే తెలుస్తుంది.

ఇప్పుడు నీళ్ళు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, నాకిది మహా ఇష్టమైన సంగతి.

కోటోర్ పాతబస్తీ మూడు మూలల ఊరు. పడమట అఖాతం. ఉత్తరం గోడని ఒరుసుకుంటూ ష్కుర్దా అనే చిన్న ఏరు. దక్షిణ ద్వారం దగ్గర గుర్దిచ్ అనే ఊట. మిగిలినవైపు కొండ. ఆ ష్కుర్దా వంతెన మీద నిలబడి కిందికి చూడండి. నీళ్ళు అద్దంలా ఉంటాయి, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. ఈ ఏరు ఎక్కడినుంచి వస్తోందని తలెత్తి చూస్తే పైన బోడిరాయి తప్ప మరేమీ కనబడదు.

అసలు కథ అక్కడుంది. ఈ అఖాతం మీద ఓర్యెన్ అనే కొండ ఉంది, 1,894 మీటర్లు. దాని వాలులో త్సర్క్‌విత్సె అనే పల్లె. యూరప్ ఖండంలో అత్యధిక వర్షం పడే చోటుగా దానికి పేరు. ఏడాదికి సగటున 4,500 మిల్లీమీటర్లకి పైమాటే. దక్షిణం నుంచి తేమ మోసుకొచ్చే గాలిని అక్కడ యూగో అంటారు. ఆ గాలి సముద్రం మీంచి వచ్చీ రాగానే నిలువు గోడని గుద్దుకుంటుంది, పైకి లేస్తుంది, చల్లబడుతుంది, ఉన్నదంతా కుమ్మరించేస్తుంది. ముఖ్యంగా శరదృతువు నుంచి చలికాలం చివరిదాకా.

ఇంత వాన పడే కొండ మీద నదులుండాలి కదా? ఉండవు. సున్నపురాయికి ఒళ్ళంతా చీలికలే. పడ్డ నీరు పడ్డట్టే లోపలికి దిగిపోతుంది. కొండ మీది పల్లెల్లో వాన వెలిసిన కాసేపటికే నేల పొడి. అందుకని అక్కడివాళ్ళు తొట్లు కట్టుకుని వాననీరు దాచుకునేవారు. యూరప్‌లోకెల్లా ఎక్కువ వాన పడే కొండ మీద నీటి ఎద్దడి! దిగిపోయిన ఆ నీరంతా లోపలి గుహల్లో ప్రయాణం చేసి సముద్రమట్టం దగ్గర బయటపడుతుంది. ష్కుర్దా అదే, గుర్దిచ్ అదే. కొన్ని ఊటలు సరాసరి సముద్రం అడుగునే పైకి తన్నుతాయి. పెద్ద వానల తర్వాత అఖాతం పైపొర రంగు మారిపోతుంది. ఉప్పు తగ్గి ఆకుపచ్చగా, చేయి పెడితే జిల్లుమంటుంది.

అఖాతం ఒడ్డునే ఉన్న రిసాన్ అనే ఊరి దగ్గర సోపోత్ అని ఒక గుహ ఉంది, రోడ్డు పక్కనే. వేసవిలో దాని ముందునుంచి వెళ్తే అక్కడ ఏముందో కూడా గమనించరు. కుండపోత పడిందంటే గంటల్లో ఆ గుహ నోరు తెరుచుకుంటుంది. తెల్లటి నురగతో జలపాతం రోడ్డు కిందనుంచి నేరుగా సముద్రంలోకి దూకుతుంది. చప్పుడుకి పక్కమనిషి మాట వినబడదు. ఇది కొండ మీంచి జారిన నీరు కాదు, కొండ కడుపులోంచి వచ్చిన నీరు.

దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. నడివేసవిలో లోపలి నీటి ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు సముద్రం అవే చీలికల్లోంచి వెనక్కి ఎక్కుతుంది. చాలా ఏళ్ళపాటు కోటోర్ వాసులకి వేసవి కుళాయి నీళ్ళు ఉప్పగా వచ్చేవి. వాన విషయంలో అంత ధనవంతమైన ఊరికి ఆగస్టులో మంచినీళ్ళ బెంగ.

సరే, ఎండ. కొండ తూర్పున ఉంది. అంటే సూర్యుడు ఉదయించినా ఊరికి ఉదయించనట్టే. అఖాతం అవతలి ఒడ్డు, వ్ర్మాత్స్ కొండ వాలు, ముందు బంగారు రంగుకి తిరుగుతుంది. పాతబస్తీ నీడలోనే ఉంటుంది. మళ్ళీ సాయంత్రం వ్ర్మాత్స్ అడ్డం. శీతకాలంలో పగలు ఎంత పొట్టిగా ఉంటుందో ఊహించుకోండి. అదే జులైలో ఈ నీడే వరం. పొద్దున్నే గోడ ఎక్కేవాళ్ళు కొండ నీడలోనే సగం దూరం పోవచ్చు. పది దాటాక బయలుదేరారా, తెల్లరాయి మీద ఎండ కింద నుంచీ పై నుంచీ కొడుతుంది.

గోడ అన్నాను కదా. 1420 నుంచి 1797 దాకా ఈ ఊరు వెనిస్ గణరాజ్యం చేతిలో ఉంది. వాళ్ళకి కావలసింది ఓడలకి భద్రమైన లంగరు. కానీ వాళ్ళ కోటగోడ చూస్తే సముద్రం వైపు కంటే కొండ వైపే ఎక్కువ పాకింది. మొత్తం సుమారు నాలుగున్నర కిలోమీటర్లు. ఊరి వెనక నుంచి మొదలై, రాయి ఎటు వంపు తిరిగితే అటు వంపు తిరుగుతూ, నీళ్ళకి సుమారు 260 మీటర్ల ఎత్తున సెయింట్ జాన్ కోట దాకా ఎక్కి, మళ్ళీ అవతలినుంచి దిగుతుంది. ఎందుకంటారా? పైన శత్రువు కూర్చుంటే కింద ఎన్ని ఫిరంగులున్నా దండగ. రాళ్ళు దొర్లిస్తే చాలు. 1539లో ఒట్టోమన్ నావికాధిపతి బార్బరోసా నౌకాదళంతో వచ్చి ఈ ఊరిని తీసుకోలేకపోయాడు.

పగలు ఈ గోడ కనబడటం కష్టం, తెలుసా. ఏ రాతి మీద కట్టారో ఆ రాయే. కళ్ళు చికిలించి వెతికితే ముందొక బురుజు దొరుకుతుంది, దాన్ని పట్టుకుని గీతని పోల్చుకోవాలి. దీపాలు పెట్టాకే మొత్తం ఆకారం తెలుస్తుంది.

ఎక్కడానికి 1,350 మెట్లంటారు. లెక్క పెట్టినవాళ్ళెవరికీ ఒకే అంకె వచ్చినట్టు లేదు. మెట్ల పక్కనే గుండ్రాళ్ళు పొదిగిన వాలుదారి ఉంటుంది. వందల ఏళ్ళ నడకకి నున్నగా అరిగి, చినుకు పడితే సబ్బురాయిలా జారుతుంది. సగం దారిలో 1518 నాటి చర్చి, స్వస్థత ప్రసాదించే మేరీమాతది. మహమ్మారి నుంచి బతికి బయటపడ్డవాళ్ళు కట్టించుకున్నది. చాలామంది అక్కడే ఆగి ఫోటో తీసుకుని దిగిపోతారు. దిగకండి. పైదాకా వెళ్ళి, ఊరి వైపు కాదు, వెనక్కి తిరిగి చూడండి. కోటకీ పెద్ద కొండకీ మధ్య లోతైన లోయ. అందులో ఒంటరిగా చిన్న చర్చి. దాని పైన రాతిగోడ మీద సన్నగా, వంకరటింకరగా ఎక్కుతున్న గీత. అది పాత కంచరగాడిదల బాట. కోటోర్ నిచ్చెన అంటారు దాన్ని.

ఈ నిచ్చెన లేకపోతే నా ప్రసంగం సగమే.

పందొమ్మిదో శతాబ్దంలో కింద ఊరు ఆస్ట్రియాది. పైన కొండ మాంటెనెగ్రోది. రెండు దేశాలు, ఒకదాని నెత్తిన ఒకటి. పై దేశానికి 1878 బెర్లిన్ ఒప్పందం దాకా ఒక్క రేవు కూడా లేదు. సముద్రం కళ్ళ ముందు కనబడుతుంది, కాలు పెట్టడానికి లేదు. కాబట్టి వాళ్ళ రాజధాని సెటిన్యెకి ఏం కావాలన్నా పరాయి దేశపు రేవులో దిగి, ఈ నిచ్చెన మీద 900 మీటర్లు ఎక్కాల్సిందే. సంత కోటగోడ బయట, ఏటి పక్కన జరిగేది. కొండవాళ్ళు మాంసం, జున్ను, ఉన్ని, కట్టెలు దింపేవారు. ఉప్పు, బట్ట, ఇనుప సామాను ఎక్కించుకునేవారు. ఊళ్ళోకి అడుగు పెట్టాలంటే ఆయుధాలు ద్వారం దగ్గర అప్పగించాలి. నడుముకి పిస్తోలు లేకుండా బయటికి రావడం సిగ్గుగా తలచే మగవాళ్ళకి అదెలా ఉండేదో!

ఆ రోజుల్లో మాంటెనెగ్రోని ఏలినవాడు న్యెగోష్. మతాధిపతి, పాలకుడు, మహాకవి, మూడూ ఆయనే. 1838లో సెటిన్యెలో ఇల్లు కట్టుకున్నాడు. ఆయనకి బిలియర్డ్స్ అంటే సరదా. బల్ల కావాలి. బల్ల ఓడలో కోటోర్ దాకా వచ్చింది. తర్వాత? బిలియర్డ్స్ బల్ల ఎంత బరువుంటుందో చూసినవాళ్ళకి తెలుసు. దాన్ని ఈ బాట మీద, డెబ్బై చిల్లర మలుపుల మీదుగా మోసుకెళ్ళారు. ఒక్కో మలుపు దగ్గర ఎలా తిప్పారో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. ఆ మలుపుల్లో వీపున సంచీ ఉన్న ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి ఒత్తుకుని నిలబడాలి. సెటిన్యె జనం అంతకుముందు అలాంటి వస్తువుని చూసి ఉండరు, ఇంటికి బల్ల పేరే ఖాయం చేసేశారు. ఇప్పటికీ ఆ భవనం బిల్యార్డానే. మ్యూజియంగా ఉంది, బల్లని చూడవచ్చు.

తర్వాత ఆస్ట్రియావాళ్ళు రోడ్డు వేశారు, ఆ శతాబ్దం చివర్లో. వరసగా 25 హెయిర్‌పిన్ మలుపులు. ఇంజినీరు మాంటెనెగ్రో రాణి మీద మోజుతో ఆమె పేరులోని మొదటి అక్షరం ఆకారంలో ఒక మలుపు వేశాడని గైడ్లు చెబుతారు. ఆ వాలు మీద ఎవరు వేసినా రోడ్డు అలాగే వస్తుందని నా అనుమానం. పైన న్యెగుషి అనే పల్లె, న్యెగోష్ వంశం వాళ్ళ సొంతూరు. పంది తొడని ఉప్పులో ఊరబెట్టి, పొగపెట్టి, గాలికి ఎండబెడతారు. ఆ గాలి బూరా, కొండ మీంచి సముద్రంలోకి దబ్బున పడే చలిగాలి, పొడిగాలి. శాకాహారులకి అక్కడ జున్ను ఉంది, కంగారు పడకండి.

భూకంపాల గురించి క్లుప్తంగా. ఈ కొండల్ని పైకి నెట్టిన శక్తి ఇంకా పని మానలేదు. 1667లో పెద్ద దెబ్బ. 1166లో ప్రతిష్ఠ జరిగిన సెయింట్ ట్రైఫన్ కెథెడ్రల్ ముందు నిలబడి చూడండి, రెండు గోపురాలూ జోడు కావు. ఆ భూకంపం తర్వాత మళ్ళీ కట్టినవి, ఒకటి పూర్తి కాలేదు. మళ్ళీ 1979 ఏప్రిల్ 15న, కేథలిక్కుల ఈస్టర్ ఆదివారం పొద్దున. తీవ్రత 6.9. మాంటెనెగ్రోలోనే వందమందికి పైగా పోయారు. అదే ఏడాది యునెస్కో కోటోర్‌ని ప్రపంచ వారసత్వ జాబితాలోనూ, ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోనూ ఒకేసారి చేర్చింది. రెండోదానిలోంచి తీసింది 2003లో. మీరు నడిచే సందుల్లో చాలా రాళ్ళు తీసి మళ్ళీ పేర్చినవి. మేస్త్రీల పని ఎంత బాగుందంటే చెబితే తప్ప తెలియదు.

ఓడల గురించి నా మాట చెప్పేసి ముగిస్తాను. ఓడరేవుకి ఓడలు రావద్దని ఎవరూ అనరు. కానీ ఇప్పటి ఓడ ఒక్కటి వచ్చి నిలబడితే కోటగోడ కంటే ఎత్తు. వేలమంది ఒకే ద్వారంలోంచి లోపలికి పోతారు, 1555 నాటి సముద్రద్వారం అది, బండి దూరేంత వెడల్పు. గోడల మధ్య ఊరు చిన్నది. మధ్యాహ్నం పన్నెండుకి ఆ ఊరిని చూడటానికి ప్రయత్నించడం వృథా. ఆ వేళకి మీరు ఎక్కడుండాలంటే, నిచ్చెన మీదో, పెరాస్ట్‌లోనో. పెరాస్ట్ అక్కడికి పన్నెండు కిలోమీటర్లు. దాని ముందు నీళ్ళలో ఒక ద్వీపం ఉంది, మనుషులు చేసింది. పాత పడవలని రాళ్ళతో నింపి ముంచి, మీద రాళ్ళు పోసి కట్టారు. ఏటా జులై 22 సాయంత్రం పడవల వరస కట్టి వెళ్ళి ఇంకా రాళ్ళు వేస్తూనే ఉన్నారు. కొండ రాయి ఇంత ఉన్నప్పుడు రాళ్ళకేం కొదవ!

ప్రశ్నలుంటే అడగండి.

[సభలో ఒకరు: అమ్మానాన్నలని తీసుకెళ్ళొచ్చా? మోకాళ్ళ నొప్పులున్నాయి.]

భేషుగ్గా. మెట్ల జోలికి పోవద్దు. 2023లో రోప్‌వే వచ్చింది, దుబ్ అనే చోటి నుంచి. దాదాపు నాలుగు కిలోమీటర్లు, 11 నిమిషాల్లో 1,300 మీటర్ల ఎత్తున కూక్ అనే చోట దింపుతుంది. గుర్తుంచుకోండి, కింది స్టేషను పాతబస్తీలో లేదు, టాక్సీ కావాలి. పైన కిందికంటే బాగా చలి, శాలువా పెట్టుకోండి. న్యెగోష్ సమాధి మాత్రం ఇంకా పైన, లోవ్చెన్ కొండ శిఖరాల్లో ఒకదాని మీద ఉంది. దానికి మళ్ళీ 461 మెట్లు. పెద్దవాళ్ళని కింద కాఫీ దగ్గర కూర్చోబెట్టి మీరు వెళ్ళి రండి.

[మరొకరు: షెంగెన్ వీసా మీద క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ నుంచి ఒక రోజు వెళ్ళి రావచ్చంటారు?]

మంచి ప్రశ్న. అక్కడ చెల్లేది యూరోనే, దాంతో చాలామంది అది యూరోపియన్ యూనియన్ అనుకుంటారు. కాదు. షెంగెన్, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి, అది కూడా కాదు. క్రొయేషియా 2023 నుంచి షెంగెన్. కాబట్టి డుబ్రోవ్నిక్ నుంచి సరిహద్దు దాటారంటే షెంగెన్ నుంచి బయటికి వచ్చేసినట్టే. మీది సింగిల్ ఎంట్రీ వీసా అయితే సాయంత్రం వెనక్కి రానివ్వరు. మల్టిపుల్ ఎంట్రీ ఉందో లేదో టికెట్టు కొనకముందే చూసుకోండి. మాంటెనెగ్రోకి మీ పాస్‌పోర్టు మీద ఏం కావాలో వాళ్ళ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి, నిబంధనలు మారుతుంటాయి. వేసవి శనాదివారాల్లో ఆ సరిహద్దు దగ్గర వరస చాంతాడంత ఉంటుంది, అది వేరే.

[ఇంకొకరు: మాకు సెలవులు నవంబరులోనే దొరుకుతాయి. వర్షాలన్నారు కదా, మానేయమంటారా?]

మానొద్దు. ఓడలు తగ్గుతాయి, గదుల ధరలు దిగుతాయి, ఊరు ఊరివాళ్ళ చేతికి వస్తుంది. కొన్ని హోటళ్ళు మూసేస్తారు, అంతే. గొడుగు మీద ఆశ పెట్టుకోకండి, యూగో దాన్ని తిరగేస్తుంది. రెయిన్‌కోటు, అడుగున పట్టున్న బూట్లు తీసుకెళ్ళండి. కోట మెట్లు తడి ఆరాకే ఎక్కండి. రాత్రంతా గట్టిగా కురిసిందా, తెల్లారగానే మిగతావన్నీ పక్కన పెట్టి రిసాన్ బస్సు పట్టుకోండి. సోపోత్ దగ్గర దింపమంటే డ్రైవరుకి అర్థమవుతుంది. ఆలస్యం చేస్తే మాత్రం మీరు వెళ్ళేసరికి అక్కడ తడిరాయే మిగులుతుంది.